నాలుగు రేకులు, ఎనిమిది గింజలు

రేడియోలా లినాయిడిస్ గుంటూరులో పెరగదు. కృష్ణ దాటి విజయవాడ వెళ్లినా కనిపించదు. అది ఐరోపా మొక్క. ఉత్తర ఆఫ్రికాలోనూ పశ్చిమాసియాలోనూ కూడా కొన్నిచోట్ల ఉంటుంది. అయినా మన ఊళ్లలో బైపీసీ చదువుతున్న ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఒక్క క్లాసులోనైనా దీని గురించి చెప్పి తీరాలని నా వాదన. చాలా ఏళ్లుగా ఇంటర్ పిల్లలకి బోటనీ చెబుతున్నాను. మొక్క లక్షణాలనే పాఠాన్ని మనం ఎక్కడ చంపేస్తున్నామో ఈ బుల్లి మొక్క దగ్గర తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు.

ముందు మొక్కని పరిచయం చేస్తాను. ఇది ఏకవార్షిక గుల్మం, అంటే ఒక్క కాపుతో బతుకు ముగిసే మెత్తటి చిన్న మొక్క. ఏడాది కూడా కాదు, కొద్ది నెలల్లోనే మొలిచి, పూసి, కాసి, ఎండిపోతుంది. ఎత్తు మామూలుగా ఐదారు సెంటీమీటర్లు. బాగా వస్తే పది, నేల సహకరించకపోతే రెండు. కాండం మిల్లీమీటరు మందం కూడా ఉండదు. ఆకులు ఎదురెదురుగా జతలు జతలుగా వస్తాయి. తొడిమ ఉండదు, పొడవు మూడు మిల్లీమీటర్లు, మధ్యలో ఒకే ఒక్క ఈనె. పువ్వు ఆవగింజంత. రక్షక పత్రాలు (రేకుల కింద ఉండే పచ్చటి ఆకుల్లాంటివి) నాలుగు, ఒక్కోదాని కొస మళ్లీ రెండు మూడు పళ్లుగా చీలి ఉంటుంది. తెల్లటి రేకులు నాలుగు, అవీ రక్షక పత్రాల పొడవే. కేసరాలు (పుప్పొడి ఇచ్చే కాడలు) నాలుగు, కీలాలు (పుప్పొడిని అందుకునే కాడలు) నాలుగు. కాయ మిల్లీమీటరంత గుండ్రటి గుళిక. ఎండాక ఎనిమిది ముక్కలుగా విచ్చుకుంటుంది. లోపల ఎనిమిది గదులు, గదికొక గింజ.

పరీక్ష కోసమైతే పాఠం ఇక్కడితో అయిపోయింది. పిల్లలు ఇది రాసుకుంటారు, రాత్రి స్టడీ అవర్‌లో పదిసార్లు చదువుతారు, మర్నాడు స్లిప్ టెస్టులో అప్పజెబుతారు. 'ఆకులు అభిముఖం, పుష్పం చతుర్భాగయుతం, ఫలం గుళిక.' మూడు మాటలు, మూడు మార్కులు. ఆ మూడింటికీ ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేనట్టే చెబుతాం, వాళ్లూ అలాగే రాస్తారు. నా గొడవంతా ఇక్కడే.

ఆకులు ఎదురెదురుగా ఉంటే ఏమవుతుందో చూద్దాం. రేడియోలా కాండం పైకి కొంత దూరం వెళ్లి ఒక పువ్వుతో ఆగిపోతుంది. కొసన పువ్వు వచ్చిందంటే ఆ కొమ్మ ఇక సాగదు. కానీ ఆ పువ్వు కింద రెండు ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి. రెండు ఆకుల మొదళ్లలోనూ రెండు మొగ్గలున్నాయి. ఆ రెండూ రెండు కొమ్మలవుతాయి. ఒక్కో కొమ్మా కొంచెం సాగి, మళ్లీ పువ్వుతో ఆగుతుంది. దాని కింద మళ్లీ రెండు ఆకులు, రెండు మొగ్గలు. అందుకే మొక్క మొత్తం పంగలు పంగలుగా చీలుతూ, అడుగున ఒక్క కాడతో, పైన గుబురుగా కనిపిస్తుంది. వర్ణనలో 'ద్విశాఖీయ శాఖీభవనం' అని రాస్తాం, 'ఆకులు అభిముఖం' అని ఇంకో గళ్లో రాస్తాం. రెండూ ఒకే సంగతి. ఆకులు జతగా రాకపోతే కొమ్మ అంత తీరుగా రెండుగా చీలడం కుదరదు.

ఇప్పుడు లెక్క వేయండి. మొదటి పువ్వు ఒకటి. దాని కింద నుంచి రెండు, వాటి కింద నుంచి నాలుగు, ఆ తర్వాత ఎనిమిది, పదహారు, ముప్పై రెండు. కాగితం మీద అన్ని పంగలూ నిండితే మొత్తం 63 పువ్వులు. పువ్వుకి ఎనిమిది గింజల చొప్పున 504 గింజలు. నేలలో నిజంగా మొక్క అంత లెక్కగా పెరగదు, కొన్ని మొగ్గలు నిద్రపోతాయి, కొన్ని కొమ్మలు విరిగిపోతాయి. అయినా పద్ధతి అదే. ఇందులో అసలు గొప్పతనం ఏమిటంటే ఈ లెక్కని ఏ మెట్టు దగ్గరైనా ఆపేయొచ్చు. వర్షాలు ఆగిపోయి నేల త్వరగా ఆరిపోయిందా, ఒక్క పువ్వు పూసి ఎనిమిది గింజలు రాల్చి ఎండిపోతుంది. వచ్చే ఏడాదికి అదే చాలు. తడి ఇంకో నెల నిలిచిందా, ఇంకో రెండు మెట్లు ఎక్కుతుంది. ముందు కాండం, తర్వాత కొమ్మలు, చివర్లో పూలు అని ఆగే తీరిక ఈ మొక్కకి లేదు. తడి ఎప్పుడు పోతుందో దానికి ఎవరూ చెప్పరు కాబట్టి మొదటి అడుగులోనే పువ్వు పెట్టుకుంటుంది. రెండు సెంటీమీటర్లకే కాపు ముగించిన మొక్కని చూసి 'గిడసబారింది' అంటే అన్యాయం. ఉన్న తడికి సరిపడా బతుకంతా బతికింది.

పువ్వు ఎందుకంత చిన్నది అన్నదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. తేనెటీగ కోసం ఎదురుచూసే పువ్వుకి పెద్ద రేకులు కావాలి, రంగు కావాలి. రేడియోలా ఎదురుచూడదు. తన పుప్పొడి తన కీలాగ్రం (కీలం కొస) మీదే పడేలా ఏర్పాటు చేసుకుంది. అదే కుటుంబంలో ఏళ్ల తరబడి బతికే అవిసె జాతులు కొన్ని దీనికి పూర్తిగా తిరగబడి ఉంటాయి. వాటిలో కొన్ని మొక్కలకి కీలాలు పొడుగ్గానూ కేసరాలు పొట్టిగానూ, మిగతా మొక్కలకి అటుదిటుగానూ ఉంటాయి. ఒక రకం పుప్పొడి రెండో రకం మీద పడితేనే గింజలు బాగా కడతాయి. 1860ల్లో చార్లెస్ డార్విన్ అవిసె జాతుల మీద ఈ ప్రయోగాలు చేసి ప్రచురించాడు. పదేళ్లు బతికే మొక్క ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు అనుకోగలదు. ఒక్క తడి కాలమే ఉన్న మొక్క అలా అనుకోలేదు. పువ్వు పరిమాణాన్ని 'సూక్ష్మం' అని ఒక్క మాటలో రాసి వదిలేస్తే ఇదంతా ఎక్కడికి పోతుంది?

కుటుంబం సంగతికి వద్దాం. రేడియోలాది లైనేసీ, అంటే అవిసె కుటుంబం. ఇప్పుడు అందరూ దోరగా వేయించి పొడి కొట్టి చపాతీ పిండిలో కలుపుకుంటున్న అవిసె గింజల మొక్కకి ఇది దగ్గరి చుట్టం. పూలు కోసి కూర వండుకునే అవిసె చెట్టు వేరే. అది చిక్కుడు కుటుంబం, ఆ గోల ఇక్కడ వద్దు. అవిసె మన గుంటూరు పంట కాదు. ఇక్కడ మిర్చి, పత్తి. అవిసె ఎక్కువగా మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ వైపు రబీలో వేస్తారు. కానీ పట్నంబజారులో కొన్న గింజలు కుండీలో చల్లితే శుభ్రంగా మొలుస్తాయి. వేయించినవి కాకుండా పచ్చివి చూసుకోవాలి, అంతే. కార్తీకంలో చల్లితే సంక్రాంతికి పూస్తాయి. బ్రాడీపేటలో మా మేడ మీద ఎండ తగిలే గోడవారన నేను పెంచేది అలాగే.

మొన్న సంక్రాంతి సెలవులకి మా అక్క కూతురు వచ్చింది. విజయవాడలో హాస్టల్‌లో ఉండి ఇంటర్ చదువుతోంది. పొద్దున్నే మేడ మీదకి తీసుకెళ్లాను. అవిసె పువ్వుని పొద్దున్నే చూడాలి, ఎండెక్కితే రేకులు రాలిపోతాయి. ఆ నీలం చూసి కాసేపు మాట్లాడలేదు. కృష్ణుడి రంగుని అతసీ పుష్పంతో పోల్చే శ్లోకం చిన్నప్పుడు మా అమ్మ దగ్గర తనూ నేర్చుకుంది. అతసి అంటే ఇదేనని చెప్పాను. తర్వాత పచ్చి కాయ ఒకటి కోసి చేతిలో పెట్టి, బ్లేడుతో అడ్డంగా కోయమన్నాను.

"పిన్నీ, లైనేసీ మాకు సిలబస్‌లో లేదు. ఫాబేసీ, సొలనేసీ, లిలియేసీ, అంతే."

"తెలుసమ్మా. నేను అడిగేది సిలబస్ కాదు. గోడలు ఎన్నున్నాయో లెక్కపెట్టు."

లెన్సు పెట్టి చూసింది. పది అంది. మళ్లీ చూడమన్నాను. ఈసారి ఎక్కువసేపు చూసింది. "అన్నీ ఒకలా లేవు. ఐదు గట్టిగా ఉన్నాయి. వాటి మధ్యలో ఉన్న ఐదూ సన్నగా ఉన్నాయి, ఒకటి రెండు మధ్యదాకా పోలేదు." ఆ మాట ఏ గైడులోనూ చదివి చెప్పింది కాదు. అవిసె అండాశయంలో, అంటే పువ్వులో కాయగా మారే భాగంలో, ఫలదళాలు (అది కట్టుకున్న ముక్కలు) ఐదు. ఐదు అసలు గదులు. ఒక్కో గదిని మధ్యలో ఇంకో గోడ వచ్చి రెండుగా చీలుస్తుంది. అందుకే పది అరలు, అరకొక గింజ. గట్టి గోడలు ఫలదళాలు కలిసిన చోట వచ్చినవి, సన్నవి తర్వాత మొలిచిన అడ్డుగోడలు. పిల్ల తన కళ్లతో రెండింటినీ విడదీసింది.

అప్పుడు రేడియోలా గురించి చెప్పాను. దానికి రేకులు నాలుగు, ఫలదళాలు నాలుగు. గింజలు ఎన్నుంటాయో నువ్వే చెప్పమన్నాను. "ఎనిమిది" అంది, ఆలోచించకుండానే. తను ఎప్పుడూ చూడని, చూసే అవకాశం లేని మొక్క కాయలో గింజలెన్నో, అవిసె కాయ ఒకటి కోసి చెప్పేసింది. కుటుంబ లక్షణం అంటే ఇదీ. సంఖ్య మారింది, ఇల్లు కట్టిన తీరు మారలేదు. ఐదు పదైనట్టే నాలుగు ఎనిమిదైంది.

ఈ విషయంలో మొక్కల్ని వర్గీకరించిన స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లినేయస్ చేసిన పని నాకు ఎంతో ఇష్టం. 1753లో ఆయన ఈ మొక్కని అవిసె ప్రజాతిలోనే (దగ్గరి జాతుల గుంపులోనే) చేర్చి లైనమ్ రేడియోలా అన్నాడు. ఆయన వర్గీకరణంతా కేసరాల లెక్క మీద నడుస్తుంది. అవిసె ఉన్నది ఐదు కేసరాల తరగతిలో. ఈ మొక్కకి ఉన్నవి నాలుగు. లెక్కే పట్టుకుని కూర్చుంటే దీన్ని వేరే తరగతికి పంపాలి. ఆయన పంపలేదు. సంఖ్యల మీద అంత నమ్మకం పెట్టుకున్న మనిషే చుట్టరికం ముందు సంఖ్యని పక్కన పెట్టాడు. ఆ తర్వాత 1788లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆల్బ్రెక్ట్ రోత్ దీనికి ఇప్పుడున్న పేరు పెట్టాడు. చీలిన రక్షక పత్రాలు, నాలుగేసి భాగాలు ఉన్న ఈ మొక్క అవిసె పక్కనే నిలబడే వేరే ప్రజాతి అని తేలింది. ఆ ప్రజాతిలో ఇదొక్కటే జాతి.

ఆ రోత్‌కి మన నేలతో సంబంధం ఉంది. ఆయన ఇండియాకి ఎప్పుడూ రాలేదు. కానీ బెంజమిన్ హెయ్న్ అనే వైద్యుడు దక్షిణ భారతంలో సేకరించి పంపిన ఎండు మొక్కల్ని చూసి, 1821లో మన దేశపు మొక్కల మీద పెద్ద పుస్తకం వేశాడు. ఈ హెయ్న్, వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కలకత్తా వెళ్లిపోయాక మన సామర్లకోట తోటలో పనిచేసినవాడు. పొలాల బురదలో, చెరువుల అంచుల్లో పెరిగే బెర్జియా అమ్మానియాయిడిస్ అనే చిన్న మొక్క పేరు కూడా రాక్స్‌బర్గ్ పెట్టగా రోత్ పుస్తకంలోనే అచ్చయింది. జర్మనీలో తడి ఇసుక మీద పెరిగే సెంటీమీటర్ల మొక్కని గుర్తుపట్టిన కన్నే, తెలుగు నేల బురద మొక్కనీ పట్టుకుంది. రెండు చోట్లా పొట్టి మొక్కని మోకాళ్ల మీద కూర్చుని చూసినవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ పేర్లు మనదాకా వచ్చాయి.

నేను రేడియోలాని చూసింది కూడా ఎండు మొక్కగానే, అదీ కంప్యూటర్ తెర మీద. యూరప్ హెర్బేరియాలు (ఎండు మొక్కల్ని అట్టలకి అతికించి దాచే చోట్లు) తమ షీట్లని స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టాయి. మామిడి కొమ్మైతే షీటంతా నిండిపోతుంది. రేడియోలా షీటు మీద వేళ్లతో సహా పెకలించిన పూర్తి మొక్కలు వరసలు వరసలుగా అతికించి ఉంటాయి. పెద్దది చేసి చూస్తే ఒక్కో మొక్క ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలుస్తుంది. ఒకదానికి ఒక్క పంగ, పక్కదానికి ఐదు. ఒకే చోట, ఒకే రోజు సేకరించినవే. అడుగు దూరంలో నేల తడి ఎలా మారిందో ఆ షీటే చెబుతుంది.

'మన మొక్క కానిదాన్ని పట్టుకుని ఇంత రాద్ధాంతమా' అని అడిగేవాళ్లు ఉన్నారు. సరే, మన మొక్క దగ్గరికే వస్తాను. తొలకరి పడ్డాక గుంటూరులో ఏ ఇంటి గోడవారన చూసినా, గేటు పక్క ఇసుకలో, పంపు కింద తడిలో ఒక చిన్న మొక్క మొలుస్తుంది. ఆకులు ఎదురెదురుగా, సన్నగా ఉంటాయి. తెల్లటి చిన్న పువ్వు, రేకులు నాలుగు, కేసరాలు నాలుగు. కాయ గుళిక. వెర్రినేలవేము అంటారు, శాస్త్రంలో ఓల్డెన్‌లాండియా కోరింబోసా. ఇప్పటిదాకా నేను చెప్పిన మాటలన్నీ దీనికీ సరిపోతాయి. ఏకవార్షికం, అభిముఖ ఆకులు, నాలుగు, తెలుపు, గుళిక. బట్టీ పట్టిన పిల్లాడి చేతికి ఈ రెండు మొక్కలూ ఇస్తే ఒకటే అని రాస్తాడు.

లెన్సు పెట్టి చూసిన పిల్ల అలా రాయదు. వెర్రినేలవేము రేకులు అడుగున ఒకదానికొకటి అతుక్కుని చిన్న గొట్టంగా ఉంటాయి. రేడియోలా రేకులు దేనికవే విడిగా ఊడి వస్తాయి. వెర్రినేలవేములో అండాశయం రక్షక పత్రాల కింద ఉంటుంది, కాయ నెత్తిన నాలుగు పళ్లు నిలబడి కనిపిస్తాయి. రేడియోలా కాయ రక్షక పత్రాల మధ్యలో, పైన కూర్చుని ఉంటుంది. వెర్రినేలవేము ఆకుల జంట మధ్య కణుపు దగ్గర పుచ్ఛాలనే చిన్న పొరలుంటాయి, రేడియోలాకి లేవు. వెర్రినేలవేము కాయ చిదిపితే లెక్కకి అందనన్ని గింజలు, రేడియోలా కాయలో ఎనిమిది. వెర్రినేలవేముది కాఫీ మొక్క కుటుంబం, రూబియేసీ. చుట్టరికం బొత్తిగా లేదు. చుట్టరికం లేని రెండు మొక్కలు, రెండు ఖండాల్లో, తడి నేల మీద తొందరగా బతకాల్సి వచ్చి ఇంత దగ్గరి రూపానికి వచ్చాయి. ఊర్ధ్వ అండాశయం (రక్షక పత్రాల పైన ఉండేది), నిమ్న అండాశయం (కింద ఉండేది) అనే మాటలు ఎందుకు కనిపెట్టారో ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే అరనిమిషంలో తెలుస్తుంది. బోర్డు మీద బొమ్మ వేసి గంట చెప్పినా తెలియదు.

కృష్ణలో వరద తగ్గాక లంకల అంచుల్లోనూ, ఎండిన చెరువు గర్భాల్లోనూ నేలకి కరుచుకుని హంసపాది పెరుగుతుంది. దానికీ నాలుగే: రక్షక పత్రాలు నాలుగు, పువ్వు అంచున తమ్మెలు నాలుగు, కేసరాలు నాలుగు, కాయ ఎండితే నాలుగు ముక్కలు, ముక్కకొక గింజ. ముడతలు పడ్డ ఆకుల మీద వెండిరంగు నూగు ఉంటుంది. నీళ్లు వెనక్కి పోయిన చోట, మళ్లీ నీళ్లు వచ్చేలోపు బతికేది. రేడియోలా బతుకుతో దీన్ని పోల్చి చూడమని పిల్లలకి ఇస్తే, నాలుగు పేజీల ప్రాజెక్టు వాళ్లంతట వాళ్లే రాస్తారు.

ఇక నా రెండో బాధ నేల గురించి. రేడియోలాకి కావాల్సిన చోటు చాలా విచిత్రంగా ఉంటుంది. ఇసుకో పీట్ మట్టో (కుళ్లిన మొక్కలతో ఏర్పడ్డ తడి మట్టి) అయి ఉండాలి, ఆమ్ల గుణం ఉండాలి, సారం ఉండకూడదు. చలికాలంలో నీళ్లు నిలవాలి, వేసవిలో ఆరాలి. అన్నిటికంటే ముఖ్యం, నేల ఖాళీగా ఉండాలి. పక్కన గడ్డి పెరిగి నీడ పడితే దాని పని అయిపోయినట్టే. (గుంటూరు నల్లరేగడిలో క్షార గుణం ఎక్కువ, సారమూ ఎక్కువ. అది ఇక్కడ పెరగకపోవడానికి ఎండ ఒక్కటే కారణం కాదు.) దక్షిణ ఇంగ్లాండ్‌లోని న్యూ ఫారెస్ట్‌లో ఇది ఇప్పటికీ బాగా ఉండటానికి కారణం అక్కడ గుర్రాలూ పశువులూ స్వేచ్ఛగా మేస్తూ దారులు తొక్కుతుంటాయి. బండి చక్రం గాడిలో, డెక్క గుంటలో, నీళ్లు నిలిచి ఆరిన చోట ఇది మొలుస్తుంది. పశువుల్ని ఆపేసి ఆ నేలని 'కాపాడిన' చోట పొదలు కమ్మి మాయమైంది. కాలువలు తీసి నీళ్లు మళ్లించిన చోటా, మట్టి బాటకి రాళ్లు పరిచిన చోటా పోయింది. గింజలు మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోగలవు కాబట్టి, ఒక్కోసారి ఎవరో నేల గీరితే మళ్లీ వస్తుంది. రాయి పరిస్తే మాత్రం రాదు.

మన కాలేజీల ఆవరణలు ఒకసారి గుర్తు చేసుకోండి. నేను పేర్లు చెప్పను, అవసరమూ లేదు. గుంటూరు, విజయవాడల్లో బైపీసీ చెప్పే భవనాల్లో చాలావాటికి ఆవరణే లేదు. ఉన్నవాటిలో గేటు నుంచి గోడదాకా టైల్సు పరిచారు. ఎక్కడైనా జానెడు మట్టి మిగిలితే వానాకాలంలో పచ్చగా కాగానే గడ్డిమందు కొట్టిస్తారు, తల్లిదండ్రులకి శుభ్రంగా కనబడాలని. ఆ గడ్డిమందు కింద చచ్చిపోయేవి ఏమిటో చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వెర్రినేలవేము, నేలఉసిరి, గుంటగలగర, రెడ్డివారి నానుబాలు, గంగవాయిలి కూర. ఐదు వేరు వేరు కుటుంబాలు. ప్రాక్టికల్స్‌కి ఆటోలో ఉమ్మెత్త పువ్వులు తెప్పించి తలా ఒకటి పంచే కాలేజీ, ఐదు కుటుంబాలున్న ప్రయోగశాలని గేటు దగ్గరే మందు కొట్టి చంపుతోంది.

మట్టి వదిలితే దోమలొస్తాయని ఒక ప్రిన్సిపాల్ గారు నాతో అన్నారు. నిజమైన అభ్యంతరమే, దానికి జవాబు ఇవ్వాలి. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం దాకా నిలిచిన నీళ్లు కావాలి. నేను అడిగేది తడి నేల, నీళ్ల గుంట కాదు. ఒకటి రెండు రోజుల్లో నీళ్లు ఇంకిపోయే ఇసుక కలిపిన మట్టిలో దోమ పిల్లలు బతకవు. మేడ మీది ట్యాంకులు, కూలర్లు, మూల పడేసిన కుండీ పళ్లేల్లో దోమలు పుడుతున్నాయి. పైగా టైల్సు పరిచిన ఆవరణలో వాననీళ్లు ఇంకక రోడ్డు మీదకి పోతున్నాయి. ఆ రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లలో పిల్లలు బస్సు ఎక్కుతున్నారు.

ఇంకో అభ్యంతరం పరీక్షది. 'మేడమ్, మాకు ర్యాంకులు కావాలి, లెన్సులు కాదు' అని తల్లిదండ్రులే అంటారు. వాళ్లని నేను తప్పుపట్టను. అప్పు చేసి ఫీజు కట్టినవాళ్ల భయం నాకు తెలుసు. కానీ పరీక్షలో పిల్లలు తప్పు చేసేది ఎక్కడో దిద్దేవాళ్లని అడగండి. అండాశయం ఊర్ధ్వమా నిమ్నమా, అండన్యాసం (లోపల అండాలు అమరిన తీరు) ఏది, బిలాలు (లోపలి గదులు) ఎన్ని, ఇక్కడే. చూడనిదాన్ని గుర్తుపెట్టుకోవాలి కాబట్టి తారుమారు చేస్తారు. మా అక్క కూతురు ఆ కాయని కోసింది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల తర్వాత ఫలదళాలకీ బిలాలకీ తేడా తనకి ఎవరూ మళ్లీ చెప్పక్కర్లేదు. స్టడీ అవర్‌లో ఆ ఒక్క తేడా మీద పోయే టైముతో పోల్చుకుంటే ఇదే చవక.

అందుకని నేను కాలేజీలని అడుగుతున్నది చాలా తక్కువ. గోడవారన ఒక బారెడు వెడల్పున టైల్సు తీసేయండి. చేతులు కడుక్కునే పంపు నీళ్లు అటు వదలండి. అక్కడ క్రోటన్లు నాటొద్దు, గడ్డిమందు కొట్టొద్దు. పెద్ద గడ్డి కమ్మితే నెలకోసారి ఆయమ్మ చేత పీకించండి, పిల్లలు అటూ ఇటూ తొక్కితే తొక్కనివ్వండి. చిన్న మొక్కలకి ఆ తొక్కుడే కావాలి. పది రెట్లు చూపించే లెన్సులు క్లాసుకి నాలుగు కొనండి. ప్రాక్టికల్స్‌లో ఉమ్మెత్తతో పాటు, ఆ మట్టి జాగాలోంచి పిల్ల తనే ఏరుకున్న ఒక మొక్కని వర్ణించమనండి. దాని పేరు చెప్పకపోయినా ఫరవాలేదు. ఆకుల తీరుకీ కొమ్మల తీరుకీ సంబంధం చెబితే మార్కులు వేయండి.

జూన్‌లో కాలేజీలు తెరుస్తారు. తొలకరి అప్పుడే. టైల్సు తీసిన చోట విత్తనాలు ఎవరూ చల్లక్కర్లేదు, మట్టిలో ఉన్నవి చాలు. వెర్రినేలవేము ఆగస్టుకల్లా పువ్వు మీద ఉంటుంది. పుష్ప భాగాల పాఠం ఆ సరికి రాకపోతే రెండు వారాలు ముందుకి జరుపుకోండి.